మందుల చరిత్ర – 11: దారికే పేటెంటు, మందుకు కాదు

గత వారం 1911 నాటి ఇండియన్ పేటెంట్స్ అండ్ డిజైన్స్ చట్టం ఎలా పుట్టిందో చెప్పుకున్నాం. బ్రిటిష్ పాలకులు తమ పరిశ్రమల అవసరాలు చూసుకుని రాసుకున్న ఆ చట్టం, వాళ్లు వెళ్లిపోయాక కూడా దాదాపు పాతికేళ్లు మన మందుల షాపుల మీద పెత్తనం చేసింది. అది ఎలా పోయిందో, దాని స్థానంలో వచ్చిన చట్టం మన ప్రయోగశాలలను ఎలా మార్చిందో ఈ వారం చూద్దాం. హైదరాబాదు చుట్టూ ఇవాళ కనబడే మందుల పరిశ్రమకు పునాది పడింది ఈ అధ్యాయంలోనే.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. మందుకు పేటెంటు రెండు రకాలుగా ఇవ్వవచ్చు. మొదటిది ఉత్పత్తి పేటెంటు. ఇక్కడ హక్కు ఆ రసాయన పదార్థం మీదే ఉంటుంది. పేటెంటుదారు అనుమతి లేకుండా దాన్ని ఏ పద్ధతిలో తయారుచేసినా ఉల్లంఘనే. రెండోది ప్రక్రియ పేటెంటు. ఇక్కడ హక్కు తయారీ విధానానికే పరిమితం. మరొకరు వేరే విధానం కనిపెడితే అదే మందును నిక్షేపంగా తయారుచేసి అమ్ముకోవచ్చు. ఊరు అందరిదీ, వేసిన బాట మాత్రం వేసినవాడిది అన్నమాట. ఊరికి కొత్త బాట వేయగల సత్తా ఉన్నవాడిని చట్టం ఆపదు. ఈ తేడా చుట్టూనే నూట యాభై ఏళ్ల పోరాటం నడిచింది.

బాసెల్‌కు పారిపోయిన రసాయనవేత్తలు

ఈ పోరాటం మొదలైంది మందులతో కాదు, బట్టలకు వేసే రంగులతో. 1856లో లండన్‌లో 18 ఏళ్ల విలియం హెన్రీ పెర్కిన్ తారు నుంచి తీసిన పదార్థంతో ఊదారంగు తయారుచేశాడు. ఆయన గురువు ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్త. కృత్రిమ రంగుల పరిశ్రమ అలా ఇంగ్లండులో పుట్టింది. వెంటనే ఫ్రాన్స్ అందుకుంది. లియాన్ నగరంలో వెర్గాఁ అనే రసాయనవేత్త ఫుక్సిన్ అనే ఎర్రరంగును కనిపెట్టాడు. రెనార్ సోదరుల కంపెనీ దానికి పేటెంటు తీసుకుంది. ఏ పద్ధతిలో చేసినా ఆ రంగు రెనార్ వాళ్లదేనని ఫ్రెంచి కోర్టులు తేల్చాయి.

దాంతో ఫ్రాన్స్‌లో ఆ రంగును మరింత చౌకగా, మరింత శుభ్రంగా చేసే విధానం వెతకడానికి ఎవరికీ కారణం లేకుండా పోయింది. వెతికి సాధించినా అమ్ముకునే వీలు లేదు. రంగుల పని తెలిసినవాళ్లు సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ చేరారు. అప్పట్లో స్విట్జర్లాండ్‌లో పేటెంట్ చట్టమే లేదు. అలెగ్జాండర్ క్లావెల్ అనే ఫ్రెంచివాడు 1859లో అక్కడ ఫుక్సిన్ తయారీ మొదలుపెట్టాడు. ఆ చిన్న కర్మాగారమే తర్వాత సీబా కంపెనీ అయింది. గైగీ, సాండోజ్ కూడా బాసెల్‌లో రంగులతో పెరిగినవే. ఈ మూడు పేర్లనూ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. వచ్చే వారం వాటితో మనకు పని ఉంది.

జర్మనీ ఈ అనుభవాన్ని శ్రద్ధగా గమనించింది. లండన్ నుంచి బెర్లిన్ తిరిగివచ్చిన హాఫ్‌మన్ నాయకత్వంలో జర్మన్ రసాయనవేత్తల సంఘం పదార్థాల మీద పేటెంట్లు వద్దని వాదించింది. 1877 నాటి జర్మన్ చట్టం ఆహారానికీ, మందులకూ, రసాయనాలకూ పదార్థంగా పేటెంటు నిరాకరించింది. వాటి తయారీ ప్రక్రియలకు మాత్రం ఇచ్చింది. ఆ తర్వాత బేయర్, హోక్స్ట్, బీఏఎస్‌ఎఫ్ కంపెనీలు వందలమంది రసాయనవేత్తలను జీతానికి పెట్టుకుని కొత్త ప్రక్రియలు వెతికించాయి. 1897లో బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చింది. బెంగాల్‌లోనూ మన కడప ప్రాంతంలోనూ సాగైన నీలిమందు వ్యాపారం దాని దెబ్బకు కొద్ది ఏళ్లలోనే కూలింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ప్రపంచంలో కృత్రిమ రంగుల తయారీ సింహభాగం జర్మనీ చేతిలో ఉంది. రంగులకు కటకటలాడిన బ్రిటన్ 1919లో తన చట్టం మార్చుకుని, రసాయనాల మీద ఉత్పత్తి పేటెంట్లు ఎత్తేసింది. 1949లో గాని మళ్లీ తెచ్చుకోలేదు. జర్మనీ 1968 దాకా, జపాన్ 1976 దాకా, స్విట్జర్లాండ్ 1970ల చివరి దాకా మందుల మీద ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వలేదు. ఇటలీకి 1978లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో వచ్చాయి.

ఇవాళ మేధాసంపత్తి హక్కుల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశాలు తాము ఎదుగుతున్న కాలంలో నడిచింది ఈ దారినే. మన చట్టం రాసినవాళ్లకు ఈ చరిత్ర బాగా తెలుసు.

ఇద్దరు న్యాయమూర్తులు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, లాహోర్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి బక్షీ టేక్‌చంద్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది. పేటెంటు తీసుకుని ఇక్కడ తయారీ మొదలుపెట్టనివాళ్ల విషయంలో, ఇతరులకు నిర్బంధ లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉండాలని ఆ కమిటీ సూచించింది. 1950, 1952లలో పాత చట్టానికి ఆ మేరకు సవరణలు జరిగాయి గానీ పరిస్థితి పెద్దగా మారలేదు.

1957లో ఈ బాధ్యత జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ చేతికి వచ్చింది. మద్రాసు హైకోర్టులో పనిచేసిన ఆయన తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1959 సెప్టెంబరులో ఆయన ఇచ్చిన నివేదిక స్వతంత్ర భారత ఆర్థిక చరిత్రలో చదివి తీరాల్సిన పత్రం. ఆయన ముందుగా రిజిస్టర్లు తెరిచి లెక్కలు చూశారు. భారతదేశంలో ఇచ్చిన పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవి. వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ అమలులోనే లేవు. అంటే ఆ పేటెంటు ఆధారంగా ఈ దేశంలో ఒక్క కర్మాగారమూ నడవడం లేదు.

మరి పేటెంటు ఎందుకు తీసుకున్నట్టు? ఇక్కడ ఇంకెవరూ తయారుచేయకుండా ఆపి, సరుకును బయటి నుంచి దిగుమతి చేసి అమ్ముకోవడానికి. కొత్త విషయం కనిపెట్టి, దాన్ని దేశానికి నేర్పినవాడికి కొంతకాలం ప్రత్యేక హక్కు ఇవ్వడం పేటెంటు వెనక ఉన్న ఒప్పందం. మన దగ్గర హక్కు మాత్రమే మిగిలి, నేర్పడం అనే సగం మాయమైందని అయ్యంగార్ నివేదిక నిరూపించింది. జర్మన్ అనుభవాన్ని ముందుంచుకుని, ఆహారం, మందులు, రసాయనాలకు ప్రక్రియ పేటెంట్లు చాలని ఆయన సిఫార్సు చేశారు.

అదే సమయంలో అమెరికా సెనెట్‌లో ఎస్టెస్ కెఫావర్ నాయకత్వంలోని ఉపసంఘం మందుల ధరల మీద విచారణ జరిపింది. కొన్ని యాంటీబయాటిక్‌ల ధరల్లో ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన దేశాల వరసలో భారతదేశం ఉందని ఆ విచారణలో బయటపడింది. అందులో ఒక విషాదం మన తెలుగువాళ్లకు మరింత గట్టిగా తగులుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథ్యం వహించిన అమెరికన్ సంస్థ లెడర్లీ ప్రయోగశాలల నుంచే ఆరియోమైసిన్ అనే గొప్ప యాంటీబయాటిక్ వచ్చింది. ఆ కోవకు చెందిన మందులను ఆయన స్వదేశంలోని రోగి ప్రపంచంలోని అత్యధిక ధరల్లో ఒకటి పెట్టి కొనుక్కోవలసి వచ్చింది.

పాత చట్టం ధరలనే కాదు, పరిశోధననూ ఎలా అడ్డుకునేదో టోల్బుటమైడ్ కేసు చూపిస్తుంది. ఇది మధుమేహానికి మాత్ర. పేటెంటు జర్మనీకి చెందిన హోక్స్ట్‌ది. బొంబాయిలో యూనికెమ్ కంపెనీ దాన్ని తయారుచేయడం మొదలుపెట్టి, హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు రూపొందించిన వేరే విధానాన్ని వాడుతున్నానని వాదించింది. 1960ల చివర్లో బొంబాయి హైకోర్టు హోక్స్ట్ వైపే తీర్పు చెప్పింది. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ కొత్త విధానం కనిపెట్టినా అది కర్మాగారం గుమ్మం దాటలేకపోయింది. శాస్త్రవేత్తకు అంతకంటే నిరుత్సాహం కలిగించేది ఏముంటుంది?

1970 చట్టంలో ఏముంది?

అయ్యంగార్ నివేదిక చట్టం కావడానికి పదకొండేళ్లు పట్టింది. 1965లో బిల్లు పెట్టారు. అది లోక్‌సభ గడువుతో పాటు మురిగిపోయింది. 1967లో మళ్లీ పెట్టారు. విదేశీ కంపెనీల ఒత్తిడి, సంయుక్త సంఘాల విచారణలు దాటుకుని 1970 సెప్టెంబరులో పేటెంట్ల చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది.

మందుల విషయంలో అది చేసిన ముఖ్యమైన మార్పులు నాలుగు. పదార్థానికి పేటెంటు లేదు, ప్రక్రియకే ఉంది. ఆ ప్రక్రియ పేటెంటు గడువును పాత చట్టంలోని 16 ఏళ్ల నుంచి బాగా కుదించి, దరఖాస్తు నుంచి 7 ఏళ్లు గానీ, పేటెంటు ముద్ర పడ్డాక 5 ఏళ్లు గానీ, ఏది ముందైతే అది అన్నారు. మూడేళ్లు దాటాక ఎవరు అడిగినా లైసెన్సు ఇవ్వాలి, రాయల్టీ 4 శాతం మించకూడదు. నాలుగోది 47వ సెక్షన్‌లో ఉంది. పేటెంటు ఉన్న వస్తువునైనా ప్రక్రియనైనా ప్రయోగాలకూ, పరిశోధనకూ, విద్యార్థుల బోధనకూ వాడుకోవచ్చు. మొదటి మూడూ పత్రికల్లో చాలాసార్లు చర్చకు వచ్చాయి. శాస్త్ర పరిశోధన కోణంలో చూస్తే నాలుగోది అంతకంటే తక్కువది కాదు. పేటెంటు భయం లేకుండా విద్యార్థి తన బల్ల మీద ఏ చర్యనైనా చేసి చూడవచ్చన్న భరోసా అది.

ఈ చట్టం ఒక్కటే అద్భుతం చేసిందనుకోకూడదు. అదే 1970లో మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1973లో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, 1975లో మందుల పరిశ్రమపై జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ నివేదిక వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా అప్పటికే ప్రభుత్వ రంగంలో మందుల కర్మాగారాలు నడుస్తున్నాయి. చట్టం తలుపు తీసింది. లోపలికి వెళ్లడానికి చదువుకున్న మనుషులు సిద్ధంగా ఉన్నారు.

బాలానగర్ పాఠశాల

1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్, మనందరికీ తెలిసిన ఐడీపీఎల్, సోవియట్ యూనియన్ సాయంతో కర్మాగారాలు కట్టింది. యాంటీబయాటిక్‌ల ప్లాంటు రిషికేశ్‌కు వెళ్లింది. సింథటిక్ మందుల ప్లాంటు హైదరాబాదు శివారు బాలానగర్‌కు వచ్చింది. సోవియట్ సాంకేతికత పాతదనీ, ఖర్చు ఎక్కువనీ విమర్శలు వచ్చాయి. వాటిలో నిజం ఉంది. అయినా టన్నుల లెక్కన రసాయన చర్యలు నడపడం, రియాక్టర్ వేడిని అదుపులో పెట్టడం, చివరి స్ఫటికంలో కల్మషం ఎంత మిగిలిందో కొలవడం ఒక తరం అక్కడే నేర్చుకుంది. గాజు కుప్పెలో పది గ్రాములు చేయగలిగినవాళ్లు దేశంలో చాలామంది ఉండేవారు. వెయ్యి కిలోలు చేసి, ప్రతి బ్యాచ్ ఒకేలా తీయగలిగినవాళ్లను తయారుచేసింది ఐడీపీఎల్.

ఆ పక్కనే, నగరంలో మరో చదువుల చావడి ఉంది. 1944లో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టగా 1956లో సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చిన ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల అది. ఇప్పటి పేరు ఐఐసీటీ. ప్రక్రియను ప్రయోగశాలలో పుట్టించడం ఇక్కడ, పెద్ద ఎత్తున నడపడం అక్కడ. ఈ రెండూ ఒకే ఊళ్లో ఉండటం వల్ల హైదరాబాదుకు కలిగిన మేలు అంతా ఇంతా కాదు.

తాడేపల్లిలో పసుపు రైతు కుటుంబంలో పుట్టిన కల్లం అంజిరెడ్డి పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో డాక్టరేట్ చేసి ఐడీపీఎల్‌లో చేరారు. 1970ల మధ్యలో బయటికొచ్చి మొదట యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ కంపెనీల్లో పనిచేశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. రక్తపోటుకు వాడే మిథైల్‌డోపాతో మొదలైన ఆ కంపెనీ తర్వాత నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఒమెప్రజోల్ వంటివి సొంత విధానాల్లో తయారుచేసి ధరలు దించింది. కడుపులో పుండుకు స్వీడన్‌లో కనిపెట్టిన ఒమెప్రజోల్ ‘ఒమెజ్’ పేరుతో మన పల్లెల మందుల షాపులకు చేరింది ఆ కాలంలోనే. ఐడీపీఎల్‌లో పనిచేసినవాళ్లు, వాళ్ల దగ్గర పనిచేసినవాళ్లు జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో వరసగా యూనిట్లు పెట్టారు. 1970లో దేశపు మందుల మార్కెట్లో మూడింట రెండు వంతులు విదేశీ కంపెనీలదైతే, శతాబ్దం ముగిసేసరికి ఆ లెక్క తలకిందులైంది.

దీన్ని కొందరు ‘నకలు కొట్టడం’ అని కొట్టిపారేస్తారు. ఆ మాట రసాయనశాస్త్రం తెలియక అనేది. ఐబూప్రొఫేన్ ఉదాహరణ చూడండి. బ్రిటన్‌కు చెందిన బూట్స్ కంపెనీ మొదట దాన్ని ఆరు దశల్లో తయారుచేసేది. వాడిన పదార్థంలో 40 శాతం పరమాణువులే మందులోకి చేరేవి, మిగతాదంతా వ్యర్థం. తర్వాత బీహెచ్‌సీ అనే సంస్థ మూడు దశల విధానం కనిపెట్టింది. 77 శాతం పరమాణువులు మందులోకి వచ్చాయి. మందు అదే, మాత్ర అదే. కానీ కొత్త విధానానికి 1997లో అమెరికా అధ్యక్షుడి పేరిట ఇచ్చే హరిత రసాయన పురస్కారం దక్కింది. తెలిసిన అణువుకు కొత్త దారి వేయడం నూటికి నూరుపాళ్లు శాస్త్ర పరిశోధనే. 1970 చట్టం భారతీయ రసాయనవేత్తను ఆ పరిశోధన వైపు మళ్లించింది.

ఎయిడ్స్ ముందు పరీక్ష

ఈ నైపుణ్యానికి అసలు పరీక్ష ఎయిడ్స్‌తో వచ్చింది. తొలి మందు ఏజెడ్‌టీ కథలోనే మేధాసంపత్తి హక్కుల చిక్కంతా ఉంది. 1964లో డెట్రాయిట్‌లో జెరోమ్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త అమెరికా ప్రభుత్వ నిధులతో క్యాన్సర్ కోసం దాన్ని తయారుచేశాడు. క్యాన్సర్ మీద పనిచేయకపోవడంతో పేటెంటు తీసుకోకుండా పక్కనపెట్టాడు. 1980ల్లో అది హెచ్‌ఐవీని అడ్డుకుంటుందని తేలడంలో అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. అయినా వాడుక పేటెంటు బరోస్ వెల్‌కమ్ కంపెనీకి దక్కింది. 1987లో మార్కెట్లోకి వచ్చినప్పుడు రోగికి ఏడాది ఖర్చు దాదాపు 10 వేల డాలర్లు. పరిశోధనకు డబ్బు పెట్టిన ప్రజలే దాని ఫలితాన్ని మళ్లీ ఆ ధరకు కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇక్కడ హైదరాబాదులో ఐఐసీటీ డైరెక్టర్‌గా ఉన్న గుంటూరు మనిషి డాక్టర్ ఎ.వి. రామారావు ఏజెడ్‌టీకి వేరే విధానం రూపొందించారు. సిప్లా అధిపతి యూసఫ్ హమీద్ దాన్ని 1990ల మొదట్లో ఉత్పత్తికి తెచ్చారు. మన చట్టంలో పదార్థానికి పేటెంటు లేదు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. కానీ మందు చౌకగా దొరికినంత మాత్రాన రోగికి చేరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హెచ్‌ఐవీ భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అయినా దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న గానీ కాదు. మధ్యలో గడిచిన ఏళ్లకు పేటెంట్లను నిందించలేం. ఆ బాధ్యత మన ప్రభుత్వాలదే.

1996 నాటికి మూడు మందులు కలిపి వాడితే రోగి బతుకుతాడని తేలింది. ఆ మూడు మందుల ఖర్చు ఏడాదికి 10 వేల డాలర్లకు పైనే. ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన రెండున్నర కోట్లమంది హెచ్‌ఐవీతో జీవిస్తున్న కాలం అది. 2001 ఫిబ్రవరిలో సిప్లా ఒక ప్రకటన చేసింది. మూడు మందులనూ ఏడాదికి 350 డాలర్లకు, అంటే రోజుకు డాలరు కంటే తక్కువకు, ‘మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్’ అనే వైద్యుల సంస్థకు ఇస్తామంది. ప్రపంచం నివ్వెరపోయింది. చౌక మందులకు వీలిచ్చే చట్టం చేసినందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 39 మందుల కంపెనీలు వేసిన దావాను ఆ ఏప్రిల్‌లోనే ఉపసంహరించుకోవలసి వచ్చింది.

ధర గురించి అందరూ మాట్లాడారు. దానితో సమానంగా చెప్పుకోవాల్సిన శాస్త్ర విషయం ఒకటి ఉంది. స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ మందుల హక్కులు మూడు వేర్వేరు కంపెనీల చేతుల్లో ఉండేవి. పేటెంట్లున్న దేశాల్లో ఆ మూడింటినీ ఒకే మాత్రలో కలపడానికి ఏ ఒక్కరికీ అధికారం లేదు. భారతదేశంలో ఆ అడ్డు లేదు కాబట్టి సిప్లా మూడింటినీ కలిపి ‘ట్రయోమ్యూన్’ చేసింది. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. చదువురాని రోగి కూడా తప్పకుండా వాడగలిగిన చికిత్స అది. హక్కులు ముక్కలై ఉన్నచోట పుట్టలేని ఆవిష్కరణ, హక్కులు లేనిచోట పుట్టింది. తర్వాత హైదరాబాదు కంపెనీలైన హెటెరో, అరబిందో, మాట్రిక్స్ ఈ మందుల తయారీలో ముందువరసకు వచ్చాయి. 2003–2008 మధ్య దాతల నిధులతో పేద దేశాలు కొన్న ఎయిడ్స్ మందుల్లో 80 శాతానికి పైగా భారత జెనరిక్ కంపెనీలవేనని 2010లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది.

చట్టం ఇవ్వలేనిది

ఇంతవరకు చెప్పింది విజయగాథ. ఇందులో రెండు లోటులున్నాయి, వాటినీ అంతే నిజాయతీగా చెప్పాలి.

మొదటిది నీళ్లకు సంబంధించింది. రసాయన చర్యలు కారుచౌకగా నడపాలన్న పోటీలో వ్యర్థాలు నక్కవాగులోకి, పటాన్‌చెరు చెరువుల్లోకి వెళ్లాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించింది. రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. చౌక మందుల ధరలో కొంత భాగాన్ని ఆ ఊళ్ల రైతులు తమ పొలాలతో, బావులతో చెల్లించారు. పేటెంట్ చట్టాన్ని పొగిడే ప్రతి వ్యాసంలోనూ ఈ వాక్యం ఉండాలి.

రెండోది పరిశోధనకు సంబంధించింది. తెలిసిన అణువుకు కొత్త దారి వెతకడంలో ఆరితేరాం. ఎవరికీ తెలియని అణువును కనుగొనడంలో వెనకబడ్డాం. ఈ లోటును అందరికంటే ముందు గుర్తించినవాళ్లలో అంజిరెడ్డి ఒకరు. ఆయన 1993లో మియాపూర్‌లో పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడ కనుగొన్న బాలాగ్లిటజోన్ అనే మధుమేహ అణువును 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ సొంత అణువును విదేశానికి ఇవ్వడం అదే మొదలు. మరుసటి ఏడాది ఇచ్చిన రాగాగ్లిటజార్ మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. జంతువుల్లో మూత్రాశయ కణితులు కనిపించడంతో 2002లో ఆగిపోయింది. బాలాగ్లిటజోన్ కూడా చివరికి మార్కెట్ చేరలేదు. కొత్త మందు వేటలో ఇలాంటి ఓటములు ప్రపంచమంతా మామూలే. మన కంపెనీలకు మాత్రం పదిసార్లు ఓడి పదకొండోసారి నిలబడేంత మూలధనం లేదు.

ఉత్పత్తి పేటెంటు ఉంటే ఆ ధైర్యం వచ్చేదని ఒక వాదన. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ, దానితో పాటు మేధాసంపత్తి హక్కులపై ట్రిప్స్ ఒప్పందం వచ్చాయి. మనకు దొరికిన పదేళ్ల గడువు ముగిసి, 2005 జనవరి 1 నుంచి మందుల మీద 20 ఏళ్ల ఉత్పత్తి పేటెంట్లు తిరిగొచ్చాయి. తర్వాత ఏం జరిగింది? అహ్మదాబాదుకు చెందిన జైడస్ 2013లో సారోగ్లిటజార్ తెచ్చింది. అది గర్వించదగ్గ విజయమే. కానీ అలాంటివి వరదలా రాలేదు. దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.7 శాతానికి లోపే ఉన్నప్పుడు, పేటెంటు కాగితం ఒక్కటే అణువులను కనిపెట్టదు.

బలమైన పేటెంట్లున్న దేశాల్లోనైనా పరిశోధన ఎటు నడిచిందో చూడాలి. 1975 నుంచి 1999 దాకా ప్రపంచంలో మార్కెట్లోకి వచ్చిన కొత్త మందులు 1,393. వాటిలో ఉష్ణమండల వ్యాధులకూ క్షయకూ కలిపి వచ్చినవి 16 మాత్రమేనని 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పేటెంటు, కొనగలిగినవాడి జబ్బు వైపు శాస్త్రవేత్తను నడిపిస్తుంది. కాలా అజార్, బోదకాలు, క్షయ ఉన్నవాళ్లు కొనగలిగినవాళ్లు కాదు. వాళ్ల కోసం ప్రభుత్వాలే ప్రయోగశాలలు నడపాలి.

తేలిందేమిటి

నూట యాభై ఏళ్ల అనుభవం నుంచి నాకు కనబడుతున్న సత్యం ఇది. పేటెంట్ చట్టం శాస్త్రానికి ప్రాణమూ కాదు, శత్రువూ కాదు. శాస్త్రవేత్త ఏ ప్రశ్న వేయాలో, ఏ ప్రశ్న వేయకూడదో అది నిర్ణయిస్తుంది. ఫ్రాన్స్ 1860ల్లో ‘ఇంకో దారి ఉందా’ అన్న ప్రశ్నను నిషేధించి రసాయనవేత్తలను పోగొట్టుకుంది. జర్మనీ 1877లో, భారతదేశం 1970లో ఆ ప్రశ్నకు తలుపు తెరిచి పరిశ్రమలను నిర్మించుకున్నాయి. కొత్త అణువు కావాలంటే చట్టంతో పాటు విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ నిధులు, ఓపిక కావాలి. వాటికి ప్రత్యామ్నాయంగా పేటెంటును చూపేవాళ్లు దేశాన్ని తప్పుదారి పట్టిస్తున్నారు.

అయ్యంగార్ నివేదిక వచ్చినప్పుడు బాలానగర్‌లో కర్మాగారం లేదు, మన కంపెనీల పేర్లు ప్రపంచానికి తెలియవు. అయినా దేశ పరిస్థితికి తగిన చట్టం రాసుకునే హక్కు మనకుందని ఆయన నమ్మారు. ఆ నమ్మకం సరైనదని లక్షలమంది ఎయిడ్స్ రోగుల బతుకులు రుజువు చేశాయి. రేపు ఏ వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టే ముందైనా మన పాలకులు ఆ నివేదికను ఒకసారి చదవాలి. చదివించే బాధ్యత పౌరులుగా మనది.

(వచ్చే వారం: బాసెల్ రంగుల కంపెనీల వారసురాలు నోవార్టిస్ చెన్నై పేటెంటు కార్యాలయంలో వేసిన ఒక దరఖాస్తు, దాన్ని ఎదిరించిన క్యాన్సర్ రోగుల సంఘం, హైదరాబాదు కంపెనీ నాట్కో, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన గ్లివెక్ తీర్పు.)